దస్తీ వేసిన రైలు

మా బాన్సువాడకు రైలు లేదు. ఈ మాట పరాయి ఊరివాళ్లు అంటే నాకు ఒళ్లు మండుతుంది. రైలు లేకపోతే లేదు, మాకు జంక్షన్ ఉంది కదా అంటాను. రైలే లేని ఊరికి జంక్షన్ ఏమిటని వాళ్లు నవ్వుతారు. అప్పుడు నేను కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెడతాను. ఆ కుర్చీ చప్పుడు వినగానే మా ఇంట్లోవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్లిపోతారు.

మా జంక్షన్ అంటే జానకంపేట. నిజామాబాద్ నుంచి వచ్చే లైను అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి బాసర, ధర్మాబాద్ మీదుగా మహారాష్ట్రలోకి పోతుంది. రెండోది బోధన్ దాకా వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. ఆ బోధన్ లైనునే ఇంకా ముందుకు వేస్తారని, అది మా బాన్సువాడ మీదుగా బీదర్ దాకా పోతుందని నేను నిక్కర్లు వేసుకునే వయసు నుంచి వింటున్నాను. ఉద్యోగంలో చేరాను, రిటైరయ్యాను, లైను మాత్రం రాలేదు. అందుకే మాకు దగ్గర్లో ఉన్న ఆ జంక్షన్నే మాది అనుకుని సర్దుకుపోయాను.

నేను సోషల్ సారును. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద బళ్లలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పిల్లలకు ఎక్కడెక్కడి రాజుల చరిత్రో చెబుతూ, మన పక్కనున్న జంక్షన్ చరిత్ర ఎవరూ రాయలేదే అని ఓరోజు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే ఏదో ఒక పని అవుతుంది. లావుపాటి నోట్‌బుక్ కొని, సెలవు దొరికినప్పుడల్లా జానకంపేట వెళ్లడం మొదలుపెట్టాను. పట్టాలు మార్చే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన అక్కడ చాలా సంగతులు చెప్పాడు. నిజాం కాలంలో సన్నపట్టాల మీద బొగ్గు ఇంజన్లు నడిచిన సంగతి, ఇంజన్ నీళ్లు తాగేదాకా జనం దిగి కబుర్లు చెప్పుకున్న సంగతి, బోధన్ చక్కెర కార్ఖానా నడిచే రోజుల్లో జంక్షన్‌లో గాలి కూడా బెల్లం వాసన వేసిన సంగతి అన్నీ రాసుకున్నాను. తర్వాత పట్టాలు వెడల్పయ్యాయి, పొగ పోయింది, కార్ఖానా మూతపడింది. అదీ రాసుకున్నాను. నోట్‌బుక్ నిండింది. ఈ జంక్షన్ గురించి నాకు తెలియనిది ఇక లేదనుకున్నాను. అలా అనుకున్న ఏడాదే మా మేనకోడలి పెళ్లి వచ్చింది.

పెళ్లి సంగతికి ముందు మా వైపు దస్తీ సంగతి చెప్పాలి. బస్టాండులోకి బస్సు తిరుగుతుండగానే జనం దాని వెంట ఉరుకుతారు. తలుపు దగ్గర తోసుకోవడం కొత్తవాళ్ల పని. అనుభవం ఉన్నవాడు కిటికీలోంచి దస్తీ విసురుతాడు. ఆ చేతిరుమాలు ఏ సీటు మీద పడితే ఆ సీటు ఆయనది. ఇక ఆయన తాపీగా వెళ్లి చాయ్ తాగి, తెలిసినవాళ్లను పలకరించి, కండక్టర్ రైట్ అన్నాక ఎక్కి కూర్చుంటాడు. దస్తీ లేకపోతే తువ్వాల, చున్నీ, నీళ్ల బాటిల్, పేపరు, ఏదైనా చెల్లుతుంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి హ్యాండ్‌బ్యాగులు కూడా పడుతున్నాయి. వేసినవాళ్లు వచ్చేదాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోరు, ఆ వస్తువు ఎవరూ ముట్టరు. నేను ముప్పై ఏళ్లు మధ్యాహ్నం అన్నం పెట్టుకున్న సంచిని అలా విసిరే ఉద్యోగం చేశాను. ఒక్కరోజు కూడా నా అన్నం పోలేదు.

మేనకోడలికి ధర్మాబాద్ సంబంధం కుదిరింది. మహారాష్ట్ర అయినా అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లి పిల్లగాని ఇంటి దగ్గర, అంటే పెళ్లికొడుకు ఊళ్లోనే. పెళ్లికూతురిని తీసుకుని ముందురోజే అక్కడికి చేరుకోవాలి. బావ ఒక బస్సు కిరాయికి మాట్లాడదామన్నాడు. మేనకోడలు వద్దంది.

"నేను రైల్లనే పోత. మామ నన్ను చిన్నప్పటిసంది జంక్షన్‌కు తీస్కపోయి రైళ్లు చూపిచ్చుడే గని, ఒక్కసారన్న ఎక్కిచ్చిండా?"

నిజమే. ప్రతి ఎండాకాలం సెలవుల్లో దాన్ని తీసుకెళ్లి, లైను ఎక్కడ చీలుతుందో చూపించి, చరిత్ర చెప్పి, బస్సులో వెనక్కి తెచ్చేవాణ్ని. ఎక్కడికైనా వెళ్లే పని ఉంటే కదా ఎక్కడానికి! ఆ మాటకు నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. అందరం రైల్లోనే పోదామని అక్కడికక్కడే తీర్మానించాను. అక్క నా వైపు అదోలా చూసింది.

మా వైపు పెళ్లిలో రెండు పుస్తెలు కడతారు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. మా పిల్లకు కట్టాల్సిన పుట్టింటి పుస్తె మా అమ్మది. నాన్న పోయిన తర్వాత అమ్మ దాన్ని మెడలోంచి తీసి, పసుపు గుడ్డలో కట్టి, ఇది నా మనుమరాలికి అని పెట్టెలో దాచింది. తను పోయేదాకా ఎవరినీ ఆ మూట విప్పనివ్వలేదు. కరిగించి కొత్తది చేయిద్దామని బావ అంటే అక్క ఇంతెత్తున లేచింది. అమ్మ మెడలో ఉన్నది ఉన్నట్టుగా బిడ్డ మెడలో పడాలన్నది ఆమె పట్టు. చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, మేనమామను కాబట్టి నా చేతికిచ్చింది.

"పైలం తమ్మీ" అంది.

"నాకు చెప్తున్నవా అక్కా?" అన్నాను. డబ్బాను నా గళ్ల సంచిలో వేసుకుని సంచి భుజానికి తగిలించుకున్నాను. ఇన్నేళ్లు బడికి మోసుకెళ్లింది ఆ సంచినే.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే ఇరవై మందిమి బాన్సువాడలో బస్సెక్కి బోధన్ మీదుగా జానకంపేటలో దిగాం. అందులో సగం మంది జన్మలో రైలెక్కలేదు. టికెట్లు తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి నాకు ఉత్సాహం ఆగలేదు. ఇన్నేళ్లకు మా కుటుంబం మొత్తం నా జంక్షన్‌లో నిలబడింది. పైగా పారిపోవడానికి వాళ్లకు వంటిల్లు కూడా లేదు. నోట్‌బుక్ తీశాను.

నిజాం కాలం సగంలో ఉండగా నిజామాబాద్ వైపు నుంచి బండి వచ్చి ఆగింది.

"మనదే!" అన్నాను.

ఎందుకన్నానంటే, నా నోట్‌బుక్ ప్రకారం ఆ వేళకు ముందుగా వచ్చేది ధర్మాబాద్ బండి. కాకపోతే ఆ వేళలు పెద్దాయన సన్నపట్టాల రోజుల్లోవి చెప్పాడు. ఆ ముక్క నాకు తట్టలేదు. బండి మీద ఊరి పేరు చదువుకోవాలని కూడా తట్టలేదు. సోషల్ సారు చెప్పాడు కదా అని మిగతావాళ్లూ చూడలేదు.

నేను మనదే అన్నానో లేదో మా జనం ఉరికారు. రైలు కిటికీలకు ఊచలుంటాయి, సంచులు పట్టవు. అందుకని తలుపులోంచి ఎక్కి, ఖాళీగా ఉన్న సీట్లన్నిటి మీదా దస్తీలు, తువ్వాలలు, చున్నీలు పరిచారు. అక్క తన హ్యాండ్‌బ్యాగు పెట్టింది. నేను కిటికీ పక్క సీటు మీద నా గళ్ల సంచి వేశాను. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే వేసేసింది. సీట్లు దొరికాయి కదా అని అందరం హాయిగా దిగాం. ఎక్కినవాళ్లు అక్కడే కూర్చోవచ్చు కదా అని మీకనిపించవచ్చు. ఇరవై మందిలో ఒక్కరికీ అనిపించలేదు.

"డ్రైవర్ చాయ్ తాగొద్దా? జర టైం పడుతది" అన్నాడు బావ.

ఇంకేం, అందరినీ ప్లాట్‌ఫారం చివరికి నడిపించాను. లైను చీలే చోటు అక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది. రెండు చేతులూ చాచి, "ఈ చేతి దిక్కు ధర్మాబాద్, ఆ చేతి దిక్కు బోధన్" అని చెబుతున్నాను. వెనక కూత వినిపించింది. బండి కదిలి మా ముందు నుంచే వెళ్లింది. ఒక పెట్టె కిటికీల్లో మా తువ్వాలలు వరసగా కనిపించాయి. అందరం నోళ్లు తెరుచుకుని చూస్తుండగా అది నెమ్మదిగా ఆ చేతి దిక్కుకే తిరిగి బోధన్ వెళ్లిపోయింది.

మొదట నవ్వింది పెళ్లికూతురే.

"మామా, లైన్ యాడ చీలుతదో గిప్పుడు మంచిగ సమజైంది."

దానితో అందరూ నవ్వారు. పోయినవి తువ్వాలలే కదా, పైగా ఎక్కి ఉంటే ఇరవై మందిమీ బోధన్‌లో తేలేవాళ్లం, దిగడమే మంచిదైందని బావ లెక్చరు కూడా మొదలుపెట్టాడు. అక్క మాత్రం నవ్వలేదు. నా భుజం వైపు చూసింది.

"తమ్మీ, సంచేది?"

చెయ్యి భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఆ క్షణంలో నాకు పెళ్లి గుర్తుకు రాలేదు. మంచాన పడ్డాక ఆ పసుపు మూటను పెట్టెలోంచి తలగడ కిందికి తెప్పించుకుని, తడుముకుంటూ పడుకున్న మా అమ్మ గుర్తొచ్చింది.

"ఫోన్ చెయ్ మామా! అమ్మ ఫోన్ బ్యాగుల్నే ఉన్నది" అని అరిచింది మేనకోడలు.

చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఈసారి ఎవరో ఎత్తారు. ముసలి గొంతు.

"ఎవరు బిడ్డా? గీ బ్యాగు మోగుతనే ఉన్నది. పరాయోళ్ల బ్యాగు తెరువద్దని సూసిన. ఇగ ఆగలేక తెరిసిన."

"అవ్వా, అది మా అక్క బ్యాగు! మీరు ఎవరు? సీట్ల కూసున్నరా?"

"నేనెక్కడ కూసున్న? ఎనుక పెట్టెల జాగ లేక జంక్షన్ల ఈ పెట్టెకు మారినం, గీడ గూడ నిలవడ్డ. దస్తీలు ఏసి యాడికి పోయిన్రు మీరు? గిన్ని సీట్లు ఖాళీగ పెట్టుకొని మేమందరం నిలవడి వస్తున్నం. ఒక పిల్లగాడు కూసుంటుంటె నేనే లేపిన, దస్తీ ఏసి ఉన్నది కనవడ్తలేదా అని."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మేం ఎక్కనే లేదని చెప్పాను. బండి తప్పిందని, కిటికీ పక్క గళ్ల సంచిలో డబ్బా ఉందని, డబ్బాలో పుస్తె ఉందని, పొద్దున లగ్గం అని ఒకే ఊపిరిలో చెప్పాను.

"గళ్ల సంచి సీటు నీదేనా?" అంది అవ్వ.

"నాదే అవ్వా."

"మరి నేను కూసోవాల్నా అండ్ల? మోకాళ్లు గుంజుతున్నయ్."

"కూసో అవ్వా, నీకు దండం పెడుత! సంచి ఒళ్లె పెట్టుకొని కూసో!"

"ఇగో, కూసున్న. ఫికర్ చెయ్యకు."

ఆమె బిచ్కుంద దగ్గరి పల్లెటూరి మనిషి. నిజామాబాద్ దవాఖానలో మోకాళ్లు చూపించుకుని బోధన్ వెళ్తోంది, అక్కడ బస్సెక్కి ఇంటికి పోవాలి. అంతవరకు చెప్పింది. ఇంతలో మా అసలు బండి వచ్చింది. ఈసారి నలుగురిని అడిగి, ధర్మాబాద్ బండే అని రూఢి చేసుకుని, ఎవరూ దస్తీ వేయకుండా ఎక్కారు. నేను ఉండిపోయాను. నేనూ ఉంటానని మేనకోడలు మొండికేసింది కానీ పెళ్లికూతురిని ప్లాట్‌ఫారం మీద ఎవరు వదులుతారు? అక్క తలుపులో నిలబడి ఒక్క మాటే అంది.

"పుస్తె లేకుంట రాకు."

అరగంట తర్వాత మళ్లీ ఫోన్ చేశాను. బండి బోధన్ చేరింది. జనం దిగిపోయారు. సంచి స్టేషన్ ఆఫీసులో ఇచ్చేయమని, నేను వచ్చి తీసుకుంటానని చెప్పాను.

"పుస్తె తీస్కపోయి ఎవరో ఒకరి చేతుల పెడుతనా? మంచిగ చెప్తున్నవ్ బిడ్డా."

"మరెట్ల అవ్వా? నీ బస్సు పోతది గద!"

"ఎట్లంటె..."

ఫోన్ ఆగిపోయింది. మా అక్క ఫోన్లో చార్జింగ్ నిలబడిన రోజు లేదు. సీరియళ్లన్నీ అందులోనే చూస్తుంది. ఇరవై సార్లు చేశాను, స్విచాఫ్. బోధన్ పోదామంటే, నేను బస్సులో అటు పోయేలోపు ఆమె ఇటు వస్తే? ఇక్కడే ఉంటే, ఆమె బిచ్కుంద బస్సెక్కి పోతే? ఆమె పేరు అడగలేదు, ఊరి పేరు అడగలేదు. ముప్పై ఏళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ని, అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడగలేదు.

చాయ్ అమ్మే ఆయన నా అవస్థ చూసి పిలిచి కూర్చోబెట్టాడు. సంగతంతా విని, "మీది బాన్సువాడేనా సార్?" అన్నాడు. నా ఊరు ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయాను.

"దస్తీ ఏసి దిగేది మీ దిక్కోళ్లే గద. పోయినేడు ఒకాయన సీటు మీద తలపాగ పెట్టి నా దగ్గర చాయ్ తాగిండు. తలపాగ నాందేడ్ పోయింది. అంతకుముందు ఒకామె చెప్పులు. మీరు ఫికర్ చెయ్యకున్రి. మీ దిక్కోళ్ల దస్తీని మీ దిక్కోళ్లు ముట్టరు."

ఇంత చరిత్ర జరిగింది, నా నోట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. ఇంజన్ల బరువులు, పట్టాల వెడల్పులు రాసుకున్నాను కానీ ఈ చాయ్ ఆయన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. అంత దిగులులోనూ ఆ తలపాగా సంగతికి నవ్వొచ్చింది. రెండో చాయ్ తాగి, అది ఏ రంగు తలపాగా అని అడిగి, నిండిన పేజీల అంచుల్లో రాసుకున్నాను.

బోధన్ బండి తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. నేను ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు కిటికీలు చూసుకుంటూ పరుగెత్తాను. మొదటి పెట్టెలో లేదు. రెండో దాంట్లో లేదు. మూడో పెట్టె తలుపులోంచి ముందు ఒక ఊతకట్టె బయటికి వచ్చింది. తర్వాత ఒక కాలు. ఆ తర్వాత నా గళ్ల సంచిని రెండో చేత్తో పొట్టకు అదుముకున్న సన్నటి ముసలామె. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని దింపాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? సంచిల ఏమున్నదో చెప్పు ముందుగాల."

"స్టీలు డబ్బా. డబ్బాల పసుపు గుడ్డ. గుడ్డల పుస్తె."

"ఇంకేమున్నది?"

"ఇంకేం లేదు అవ్వా."

"రెండు అరటిపండ్లున్నయ్. ఒకటి నేను తిన్న" అని సంచి నా చేతికిచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కాళ్లకు మొక్కబోతే కట్టె అడ్డం పెట్టింది. మా తువ్వాలలన్నీ మడిచి, అక్క హ్యాండ్‌బ్యాగుతో సహా కొంగులో మూటగట్టుకుని తెచ్చింది. బోధన్‌లో బండి ఆగినంతసేపూ ఏం చేశావని అడిగాను. సీటు పోకుండా తన దస్తీ వేసి, సంచి చంకన పెట్టుకుని బయటికి పోయి చాయ్ తాగి వచ్చిందట.

ఆమె బస్సు వెళ్లిపోయింది. ఇంట్లో కంగారు పడతారని నా ఫోన్లోంచి కోడలికి చేసిచ్చాను. జరిగింది చెప్పి, రేపు పెళ్లి చూసుకుని వస్తానంది. వెళ్దామా అని నేనింకా అడగనే లేదు! అవతల కోడలి నవ్వు నాకూ వినిపించింది. "పెండ్లంటె మా అత్త ఇడిసిపెడుతదా?" అంటోంది.

"ఏం కూర చేపిస్తున్నరు?" అని అడిగింది అవ్వ ఫోన్ నా చేతికిస్తూ.

సాయంత్రం బండిలో ధర్మాబాద్ బయల్దేరాం. దారంతా ఆమె చెబుతూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను. ఆమెది బాసర దగ్గరి పుట్టిల్లు. పెళ్లయి అత్తగారింటికి వస్తూ మొదటిసారి దిగింది మా జంక్షన్‌లోనే. ఆ రోజుల్లో అటువైపు నుంచి వచ్చే కొత్త కోడళ్ల కోసం బిచ్కుంద వైపు పల్లెల ఎడ్లబండ్లు స్టేషన్ బయట వరసగా ఆగి ఉండేవట. పిల్లను దింపిన పుట్టింటివాళ్లు అక్కణ్నుంచే వెనక్కి తిరిగేవాళ్లట. ఒకే ప్లాట్‌ఫారం మీద నలుగురు పెళ్లికూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన రోజు తనకు గుర్తుందట. వాళ్లెవరో ఒకరికొకరు తెలియదు.

"ఇంజన్ కూత పెడితె బుగులై మా ఆయన ఎనుక దాసుకున్న. అప్పటిదాక ఆయన మొకం గూడ సూడలే" అని నవ్వింది. ఆయన పోయి పన్నెండేళ్లయిందని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు కిటికీ వైపు తిరిగింది.

ధర్మాబాద్‌లో దిగేసరికి అక్క స్టేషన్ బయటే నిలబడి ఉంది. మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదని బావ చెప్పాడు. డబ్బా తీసుకుని, మూట విప్పి, పుస్తె కళ్లకద్దుకుని మళ్లీ కట్టింది. ఆ తర్వాత నన్ను తిట్టింది. చిన్నప్పటి నుంచి బాకీ ఉన్నవన్నీ కలిపి తిట్టింది. తిట్టినంతసేపూ ఆమె చెయ్యి అవ్వ చేతిని పట్టుకునే ఉంది. నాకు ఆ తిట్లు ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను.

తెల్లారి పెళ్లి. కొబ్బరికాయ మీద రెండు పుస్తెలూ పెట్టి, అక్షింతలు పోసిన పళ్లెంలో ఉంచి పంతులు గారు అక్క చేతికిచ్చారు. పుస్తెలు కట్టేముందు ఆ పళ్లెం పందిట్లో పెద్దలందరి ముందుకూ తిప్పుతారు, ఒక్కొక్కరూ ముట్టుకుని దీవిస్తారు. అక్క ఎవరి దగ్గరా ఆగలేదు. నేరుగా పందిరి చివర కుర్చీలో కూర్చున్న అవ్వ దగ్గరికి వెళ్లింది. అవ్వ గబగబా చేతులు కొంగు కింద దాచుకుంది.

"నేను ముట్టద్దు బిడ్డా. ఆయన లేడు నాకు. ముందుకు పట్టుకపో."

ముత్తయిదువలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిల్లగాని వైపు వాళ్లు ఏమంటారోనని నాకు భయం వేసింది. అక్కకు వేయలేదు.

"నిన్న పొద్దుమూకేదాక ఒళ్లె పెట్టుకున్నవ్ గద అవ్వా, అప్పుడు లేనిది ఇప్పుడేమొచ్చింది? గిది మా అమ్మ పుస్తె. మా నాయిన పోయినంక తనే తీసి, తనే మూటగట్టి, నా బిడ్డ కోసం దాసింది. ఆ చేతులు మంచియి అయితె నీ చేతులు ఎట్ల కావు?"

"లగ్గం దాటుతది" అన్నారు పంతులు గారు పీటల దగ్గర నుంచి.

"దాటనియ్యున్రి" అంది అక్క. కదల్లేదు.

పీటల మీద పెళ్లికూతురు తలెత్తి ఇటే చూస్తోంది. పక్కన పిల్లగాని తల్లి లేచి నిలబడింది. ఏదో అంటుందనుకున్నాను. ఆమె వచ్చి అవ్వ కుర్చీ పక్కన నిలబడి, "ముట్టు అవ్వా, అందరం నీ తర్వాతనే" అంది.

అవ్వ కొంగు కింది నుంచి కుడిచెయ్యి తీసి చీరకు తుడుచుకుంది. పుస్తెను వేలి కొసతో ముట్టి వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"పన్నెండేండ్లాయె బిడ్డా, లగ్గంల నా ముందు గీ పళ్లెం పట్టక."

అక్క పళ్లెం మళ్లీ ఆమె ముందుకు చాపింది.

"అయితె ఇంకొక్కసారి ముట్టు."

ఈసారి అవ్వ రెండు చేతులతో ముట్టింది.